నాడి తగ్గితే అర్జీ తీరినట్టే

మా పురపాలక సంఘంలో ఇప్పుడు పరిష్కారం కాని సమస్య ఒక్కటి కూడా లేదు. ఈ మాట నేను అనడం లేదు, ఆఫీసు గేటు ముందు కట్టిన పెద్ద ఫ్లెక్సీ అంటోంది. ఆ ఫ్లెక్సీ నీడలోనే మడత బల్ల వేసుకుని నేను అర్జీలు రాస్తుంటాను. జనం నన్ను రైటరు గారు అంటారు. ఆఫీసువాళ్లు ఏమంటారో ఇక్కడ రాస్తే బాగుండదు. సమస్యలన్నీ తీరిపోయిన ఊళ్లో అర్జీలు రాసేవాడి దగ్గర ఇంత రద్దీ ఏమిటని మీకు అనుమానం రావచ్చు. అదే చెప్పబోతున్నాను.

దీనంతటికీ మూలం మునసబుపేటలో ఇడ్లీ బండి నడిపే రత్నమాణిక్యం. ఆమె భర్త లారీ మీద వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. ఇంట్లో ఉండేది ఆమె, మామగారు సూరయ్య. సూరయ్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ చేయించుకోమంటే, "నా కళ్లకేం రోగం? ఈదిలో లైట్లే సరిగా ఎలగట్లేదు" అంటాడు. పొద్దున్నే కర్ర పుచ్చుకుని టీ కొట్టుకు వెళ్లి, ప్రభుత్వాన్ని పడగొట్టి, మళ్లీ నిలబెట్టి వస్తేగాని ఆయనకు తెల్లవారదు.

ఇంటికీ టీ కొట్టుకూ నడుమ, సరిగ్గా వీధి మధ్యలో ఒక మ్యాన్‌హోల్ ఉంది. ఇసుక లారీ ఎక్కి దాని మూత ముక్కలై లోపలికి పోయింది. పోయిన వానల్లో సూరయ్య అందులో నడుందాకా దిగిపోయాడు. నలుగురూ చంకల్లో చేతులేసి లాగితే పైకి వచ్చి, "ఎవడ్రా ఇక్కడ మెట్టు కట్టింది?" అని తిట్టి, తడి పంచెతోనే టీ కొట్టుకు వెళ్లాడు.

ఆయనకేమీ కాలేదు. అయింది రత్నమాణిక్యానికి. ఆనాటి నుంచి మామగారి కర్ర చప్పుడు వీధిలో దూరమవుతుంటే ఆమెకు గుండె దడ, చేతుల వణుకు, ఊపిరి అందకపోవడం. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఒక ఉపాయం నేర్పింది. కంగారు ముంచుకొచ్చినప్పుడు కళ్లకు కనిపించేవి ఐదు, చేతికి తగిలేవి నాలుగు, చెవికి వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి వరసగా తలుచుకోవాలి. జరగబోయేదాని చుట్టూ తిరుగుతున్న మనసు ఇప్పుడున్న చోటికి దిగి వస్తుంది. నేనూ చేసి చూశాను, నిజంగానే పనిచేస్తుంది. నర్సమ్మ ఆ వెంటనే ఇంకో మాట కూడా అందట: "ఇది దడ తగ్గడానికమ్మా. గొయ్యికి మాత్రం మూతే వేయించుకో." ఈ రెండో మాటను ఆ తర్వాత ఎవరూ తలుచుకోలేదు.

మూత కోసం అర్జీ నేనే రాశాను. అది ఆఫీసంతా తిరిగింది. గొయ్యి ఇంజనీరింగు వారిదని, మూత స్టోర్సు వారిదని, లోపలి కంపు శానిటేషన్ వారిదని తేలింది. అందులో పడే మనిషి ఏ విభాగం కిందికి వస్తాడన్నది మాత్రం తేలలేదు. దాంతో రత్నమాణిక్యం సోమవారం విన్నపాల సభకు వచ్చి కమిషనర్ మహీధరరావు గారి ముందు నిలబడింది. వెనక నేనున్నాను.

కమిషనర్ గారు అంతకు ముందు వారమే ఏదో కొండ మీద, అధికారుల మానసిక ఒత్తిడి నివారణ శిక్షణ ముగించుకుని వచ్చారు. మనిషి తేటగా ఉన్నారు. ఆయన అర్జీ మీద "తగు చర్య నిమిత్తం" అని రాస్తుండగా బయట ఉరిమింది. ఇంట్లో మామగారు ఒక్కడే ఉన్నాడని గుర్తొచ్చి రత్నమాణిక్యం మొహం పాలిపోయింది. బల్ల అంచు పట్టుకుని పైకే మొదలుపెట్టింది.

"గడియారం... ఫ్యాను... క్యాలెండరు... కిటికీ... తువ్వాలు కప్పిన కుర్చీ. బల్ల... కొంగు... సంచీ తాడు... ఈ బాబుగారి చెయ్యి."

బాబుగారంటే ఆఫీసు మేనేజరు దక్షిణామూర్తి. ఆయన చెయ్యి విడిపించుకోబోయాడు గాని ఆమె వదల్లేదు. ఉరుము, టైపు మిషను, ఎవరో ముక్కు చీదడం విన్నది. తడి కాగితాలు, పకోడీలు వాసన పట్టింది. నోట్లో ఉన్న యాలక్కాయతో ముగించి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు కమిషనర్ గారు, కళ్లార్పకుండా చూస్తూ.

"కాస్త నెమ్మదించిందండి."

"ఆందోళన?"

"తగ్గిందండి."

"అంటే సమస్య పరిష్కారమైనట్టే కదా!"

"దడ తగ్గిందండి. గొయ్యి అలాగే..."

కానీ కమిషనర్ గారు అప్పటికే లేచి నిలబడ్డారు. "దక్షిణామూర్తీ! ఒక్క రూపాయి ఖర్చు లేదు. మెటీరియల్ లేదు, కాంట్రాక్టరు లేడు. చూశావా?" అన్నారు. ఒక పెద్ద ఆలోచన పుట్టడం నేను దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. మళ్లీ చూడాలని లేదు.

వారం తిరిగేసరికి సర్క్యులర్ వచ్చింది. గోడకు అంటించారు గనక దాని రుచి మీకూ చూపిస్తాను. "విషయం: పంచేంద్రియ ప్రజా ప్రశాంతి పథకం అమలు గురించి. తెలియజేయునది ఏమనగా, అర్జీదారుని సమస్య అర్జీదారుని యందే నెలకొని ఉన్నట్లు క్షేత్రస్థాయి పరిశీలనలో వెల్లడైనందున, సదరు సమస్యను అక్కడే నివారించవలెను. నాడి వంద దాటిన వారి అర్జీని మాత్రమే నిజమైన అర్జీగా స్వీకరించవలెను. ప్రక్రియ అనంతరం నాడి ఎనభైకి దిగిన యెడల అర్జీ పరిష్కృతమైనట్లు భావించవలెను."

మహమ్మారి రోజుల్లో కొన్న వేలికి తగిలించే పల్సు మిషన్లు స్టోర్సులో అట్టపెట్టెల నిండా మూలుగుతున్నాయి. వాటికి పని దొరికింది. దక్షిణామూర్తికి ప్రశాంతి అధికారిగా అదనపు బాధ్యతలు అప్పగించారు. ఆయనకు సహజంగానే రక్తపోటు. "ప్రశాంతంగా ఉండండి! ఎవడ్రా అక్కడ ప్రశాంతంగా లేనిది?" అని ఆయన వేసే కేక గేటు దగ్గర నాకు వినపడేది.

మొదటి సోమవారం బేకరీ సాల్మన్ రాజు వచ్చాడు. వాళ్ల వీధి కుళాయిలో చుక్క నీరు రావడం లేదు. చూసినవీ ముట్టుకున్నవీ విన్నవీ చక్కగా చెప్పాడు గాని రుచి దగ్గర ఆగిపోయాడు.

"నోరు పిడచకట్టుకుపోయిందండి. కాసిని నీళ్లిత్తే చెప్తాను."

"ప్రక్రియ మధ్యలో నీళ్లివ్వడానికి నిబంధన లేదు" అన్నాడు దక్షిణామూర్తి.

"ఇంట్లోనూ లేవు, ఇక్కడా లేవు. ఇంక రుచెక్కడినించి తేనండి?"

"లేని రుచి" అని రాసుకుని, నాడి చూసి పంపించేశాడు.

తర్వాత చెత్తకుప్ప పక్కన కాలనీ వాళ్లొచ్చారు. రెండు వాసనలు చెప్పమంటే, తమకు వచ్చేది ఒకటేనని, అది రెండో దాన్ని దగ్గరికి రానివ్వడం లేదని మొరపెట్టుకున్నారు. ప్రక్రియ అసంపూర్ణంగా మిగిలింది. కమిషనర్ గారు స్వయంగా కల్పించుకుని ఆ కాలనీలో ఇంటికో అగరొత్తుల కట్ట పంచిపెట్టించారు. "రెండవ వాసన సమకూర్చడమైనది" అని ఆ అర్జీ మూసేశారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. కనిపించేవి ఐదు చూడమంటే జనం నిజంగానే చూడటం మొదలుపెట్టారు. వీధి దీపం కోసం వచ్చిన ఒకావిడ అటూ ఇటూ చూసి, పెచ్చులూడిన కప్పు, పేదలకు పంచకుండా మూలన తుప్పు పడుతున్న కుట్టు మిషన్లు, ఖాళీగా ఉన్న మూడు కుర్చీలు చెప్పింది. ఒక్క అర్జీతో వచ్చి ఐదు ఫిర్యాదులతో వెళ్లింది. వెంటనే తూర్పు గోడకు సున్నం వేయించి హంస, జలపాతం, లేడిపిల్ల, ఇంద్రధనుస్సు, నవ్వుతున్న పాపాయి బొమ్మలు గీయించారు. పైన "చూడదగినవి" అని రాయించారు. అర్జీదారుడు ఆ గోడ వైపు తప్ప తల తిప్పకూడదు.

మా జనాన్ని తక్కువ అంచనా వేయకండి. నాడి వంద దాటితేనే లోపలికి రానిస్తారని తెలిశాక మెట్లు పరిగెత్తి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు. ఎదురు కొట్టువాడు కషాయంలాంటి చిక్కటి కాఫీని అర్జీ కాఫీ పేరుతో అమ్మాడు. ఒకాయన కూతురి పదో తరగతి ఫలితం వచ్చినా చూడకుండా దాచుకుని, వేలికి మిషను తగిలించే క్షణంలో ఫోన్లో తెరిచాడు. పిల్ల తప్పింది, అర్జీ నెగ్గింది. నేను కూడా వృత్తిధర్మంగా, "ముందు ఓ రెండు చుట్లు పరిగెత్తి రండి, ఈలోగా రాసి ఉంచుతాను" అనేవాణ్ణి. లోపలికి పోయాక ఎలాగూ చల్లబరిచి పంపేవారనుకోండి. కానీ లోపలికి వెళ్లామన్న తృప్తి మిగిలేది.

రత్నమాణిక్యం గతే వేరు. ఆమెకు పరిగెత్తే పని లేదు, ఆమె దడ నిజమైనది. అందుకే వరసలో నిలబడగానే దడ పుట్టేది, నర్సమ్మ చెప్పినట్టు ఐదూ నాలుగూ మూడూ తలుచుకునేది, తన వంతు వచ్చేసరికి నెమ్మదించేది. దక్షిణామూర్తి మిషను చూసి పెదవి విరిచాడు.

"ఎనభై నాలుగు. నీకే సమస్యా లేదు."

"నాకు లేదండి. గొయ్యికుంది."

"గొయ్యిని తీసుకొస్తే నాడి చూస్తాను" అన్నాడు. ఇలా రెండు సోమవారాలు జరిగింది.

మూడో వారం అంతకన్నా ఘనకార్యం చేశారు. ఆమె ఆ గొయ్యిలో ఒక పొడుగాటి కర్ర నిలబెట్టి కొసకు ఎర్రగుడ్డ కట్టింది. సూరయ్య చేతికర్ర దానికి తగిలితే పక్కకు తప్పుకునేవాడు. దక్షిణామూర్తి వీధుల తనిఖీకి వచ్చి దాన్ని చూసి నిలబడిపోయాడు.

"ఇదేమిటి? భయోత్పాదక దృశ్యం! దారిన పోయేవాళ్ల నాడి పెరగదూ?" అని ఊడబెరికించాడు.

"బాబ్బాబు, అది తీసేత్తే మా మావయ్య..." అని ఆమె అడ్డం వెళ్లింది.

"మీ మామగారికి ఎటూ కనపడదు కదా!"

"ఆయన కర్రకి తగులుద్దండి!"

కర్ర జీపెక్కింది. నేను అక్కడే ఇడ్లీ తింటున్నాను, నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇడ్లీ పళ్లెం దక్షిణామూర్తి నెత్తిన బోర్లించాలనిపించింది. బోర్లించలేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ నా మీద నాకు చిరాకే.

అప్పటి నుంచి ఆమె పొద్దున్నే బండి వదిలేసి మామగారి వెంట నడవబోయేది. ఆయన కర్ర ఎత్తేవాడు. "చెయ్యట్టుకు నడిపించే రోజొత్తే ఆ రోజే నన్ను మోసుకుపొండి" అనేవాడు. తల్లి లేని తనను, కోడలిగా వచ్చిన నాటి నుంచి ఒక్క మాట అనకుండా చూసుకున్న మనిషి. ఆయనను గదిలో పెట్టి గొళ్లెం వేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. వేయకుండా ఉండటానికి ధైర్యం చాలేది కాదు.

ఇంతలో పథకం పేరు రాజధాని దాకా పాకింది. నూటికి నూరు శాతం పరిష్కారమట. అవార్డు ఇవ్వడానికి ముందు పరిశీలించాలని పైనుంచి ఒక బృందం వచ్చింది. వారికి తొలి లబ్ధిదారును చూపించాలని కమిషనర్ గారికి సరదా పుట్టింది. తొలి లబ్ధిదారు అంటే రత్నమాణిక్యమే.

వాళ్లు వచ్చిన పొద్దున కుండపోతగా కురిసి అప్పుడే వెలిసింది. మునసబుపేట వీధి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎర్రటి నీళ్లతో నిండి ఉంది. నేను బండి దగ్గర అరుగు మీద ఇరుక్కున్నాను. బృందం వీధి మొగలోనే కారులో ఉండిపోయి అద్దం దించి చూస్తోంది. కమిషనర్ గారు మాత్రం ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, గొడుగు వేసుకుని, ఫొటోకు వీలుగా నవ్వుతూ నీళ్లలోకి దిగారు. నడివీధికి వచ్చాక ఆయనకు ఏదో గుర్తొచ్చింది.

"దక్షిణామూర్తీ, ఆవిడ చెప్పే ఆ గొయ్యి ఎక్కడుంది?"

దక్షిణామూర్తి కారు పక్కన గట్టు మీద ఉన్నాడు. "ఎర్రగుడ్డ కర్ర ఉన్నచోటే సార్."

"ఆ కర్ర ఎక్కడుంది?"

"స్టోర్సులో భద్రపరచడమైంది సార్."

కమిషనర్ గారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, చాలాసేపటికి, తీసిన చోటనే దించారు. గొడుగు జారి నీళ్లలో పడి, గిర్రున తిరుగుతూ పోయింది. ఆయన జేబులో ఎప్పుడూ ఒక పల్సు మిషను ఉండేది. అలవాటుగా వేలికి తగిలించుకుని, "నూట ముప్పై ఎనిమిది!" అని కేక పెట్టారు.

కారులోని బృందం ఉత్సాహంగా ముందుకు వంగింది. ప్రక్రియను ప్రత్యక్షంగా చూపిస్తున్నారనుకుంది. దక్షిణామూర్తి గొంతు సవరించుకున్నాడు.

"సార్, కనిపించేవి ఐదు చెప్పండి."

"నీళ్లు."

"రెండోది సార్?"

"నీళ్లయ్యా! నీళ్లు! నీళ్లు తప్ప ఏముందిక్కడ?"

"తగిలేవి నాలుగు..."

"కాలికి ఏమీ తగలకూడదనే కదయ్యా నా ఏడుపు!"

అప్పుడు రత్నమాణిక్యం చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది. గోడవారగా వెళ్లి, కర్ర పెరికిన చోటు చుట్టూ తిరిగి, ఆయన పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

"కిందకి చూడకండి. నా మొహంకేసి చూడండి. నా చెయ్యెలాగుంది?"

"తడిగా... గరుగ్గా ఉంది."

"ఇంకా?"

"వేడిగా ఉంది."

"ఏం ఇనపడతంది?"

"ఎవరో... తలుపు బాదుతున్నారు. బూతులు తిడుతున్నారు."

"మా మావయ్యండి. ఇయ్యాల గొళ్లెం పెట్టొచ్చాను. వాసనేంటొత్తంది?"

"అల్లం చట్నీ" అన్నారు కమిషనర్ గారు. ఆయన భుజాలు మెల్లగా దిగాయి. మిషను చూసుకుని ఆశ్చర్యంగా, "డెబ్బై తొమ్మిది" అన్నారు.

కారులోంచి చప్పట్లు వినిపించాయి. దక్షిణామూర్తి, "అర్జీ పరిష్కృతం!" అని ప్రకటించాడు. బృందానికి టిఫిన్ల వేళయింది. నిబంధన ప్రకారం ఇక అక్కడ సమస్యేమీ లేదు గనక ఆయనా కారెక్కాడు. కారు వెళ్లిపోయింది.

"నేనింకా ఇక్కడే ఉన్నానయ్యా" అన్నారు కమిషనర్ గారు. కానీ అప్పటికి ఆయన గొంతు ఎంత ప్రశాంతంగా ఉందంటే, ఆ మాట అరుగు మీదున్న నాకే సరిగా వినపడలేదు.

ఆయన స్టోర్సుకు ఫోన్ చేసి స్పీకర్ నొక్కారు. మూత వెంటనే పంపమన్నారు. స్టోర్ కీపరు గవరయ్య వినయంగా, "సార్, తమరి గొంతు మామూలుగానే ఉందండి. నాడి వంద దాటితేగాని అర్జీ తీసుకోకూడదండి" అన్నాడు.

"నేను కమిషనర్ని!"

"సర్క్యులరు తమరిదేనండి. కమిషనర్లకు మినహాయింపు అని ఎక్కడా రాయలేదండి. డెబ్బై తొమ్మిదితో మూత ఇచ్చేస్తే రేపు ఆడిట్లో నేనేం చెప్పుకోనండి?"

కమిషనర్ గారు ఫోను చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయారు. అర్జీదారులు మా బల్ల దగ్గరకు తిరిగొచ్చేటప్పుడు వాళ్ల మొహాలు అలాగే ఉంటాయి. నాకు జాలి వేయలేదు.

రత్నమాణిక్యానికి వేసిందో, ఉపాయమే తట్టిందో తెలియదు. మెత్తగా అడిగింది.

"గొయ్యి మీ కాలికెంత దూరంలో ఉందో నాకు తెలుసండి. చెప్పనా?"

"చెప్పమ్మా, పుణ్యముంటుంది."

"చెప్పను."

మిషను మీద అంకెలు గబగబా ఎక్కాయి. వంద, నూట ఇరవై, నూట నలభై ఒకటి. ఆయన ఆ అంకెను ఫొటో తీసి గవరయ్యకు పంపించారు.

"చెప్పను గాని, మూతొచ్చేదాకా మీ చెయ్యి మాత్రం వదల్ను. భయపడకండి" అంది ఆమె. మాట తప్పలేదు. తన గుండె ఎలా కొట్టుకుంటోందో గాని, ట్రాక్టరు వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని ఆ నీళ్లలో నిలబడే ఉంది. నలుగురు మనుషులు గడ్డపారలతో దిగి, తడిమి, ఇనప మూత బిగించారు. గొయ్యి ఆయన ఎడమ మడమకు జానెడు దూరంలో బయటపడింది.

కమిషనర్ గారు ఆఫీసుకు చేరీ చేరగానే సర్క్యులరు సవరించారు. "కమిషనరు వారికి నాడితో నిమిత్తము లేదు" అని ఒక వాక్యం చేరింది. మిగతాదంతా యథాతథం. అవార్డు కూడా వచ్చింది. ఫ్లెక్సీలో చెయ్యి పట్టుకున్న ఫొటోయే వేశారు, అందులో రత్నమాణిక్యం చెయ్యి మణికట్టు దాకానే ఉంది.

మర్నాడు నీళ్లు తీశాయి. సూరయ్య కర్ర పుచ్చుకుని బయల్దేరాడు. రత్నమాణిక్యం గొళ్లెం మీద చెయ్యి వేయలేదు. బండి వెనక నిలబడి, ఉడుకుతున్న ఇడ్లీ రేకుల మీంచి చూస్తోంది. పెదవులు కదలడం లేదు, ఆమె ఏదీ లెక్కపెట్టడం లేదు. సూరయ్య నడివీధికి వెళ్లాడు. కర్ర ఠంగుమంది. ఆయన ఆగాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఠంగుమంది. రెండు కాళ్లూ దాని మీద పెట్టి నిలబడి, చిన్నపిల్లాడి మాదిరి పోటు మీద పోటు వేయసాగాడు.

రత్నమాణిక్యం బండి వెనక కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. ఎదురింటాయన తలుపు తీసి, "ఏంటయ్యా పొద్దున్నే ఈ గోల!" అని ముసలాయన మీద కేకలేశాడు.

ఆమె కళ్లు తుడుచుకోకుండానే లేచి, "ఏవండీ, ఏమనకండి ఆయన్ని" అంది. "కొట్టనివ్వండి. ఇంకాసేపు కొట్టనివ్వండి."